వణుకు ఎక్కడుందని అడిగిన మేస్త్రీ గారు

మంగళవారం పొద్దున ఏడున్నరకి భవానీపురంలో ఒకావిడకి రివర్సు నేర్పిస్తున్నాను. వెనక్కి పోనివ్వమంటే ఆవిడ గోడ మీదకి పోనిస్తోంది, నేను నా వైపు బ్రేకు తొక్కుతూ అరుస్తున్నాను. ఆ గోలలో ఫోన్ మోగింది. మేస్త్రీ గారి పెద్దమ్మాయి. "టీచర్ గారూ, నాన్న పోయారండీ. తెల్లవారుజామున, నిద్దట్లోనే. మధ్యాహ్నం నమాజు తర్వాత తీసుకెళ్తారు" అంది. నేను "ఆఁ" అన్నాను. ఇంకేమన్నానో గుర్తులేదు. పక్కనున్నావిడ ఇంజను ఆపేసి, "ఎవరండీ, దగ్గరివాళ్లా?" అని అడిగింది. మా కారు మెకానిక్ అని చెబితే "ఓ, మెకానికా" అంది. ఆవిడ తప్పేం లేదు. మెకానిక్ పోతే ఈవిడ పాఠం మధ్యలో ఇంతలా ఏడుస్తుందేమిటి అనుకుని ఉంటుంది. ఆవిడకి అప్పుడు చెప్పలేకపోయిన సంగతి మీకు ఇప్పుడు చెప్తాను.

ముందే ఒక మాట. ఏడుస్తూ రాద్దామనే కూర్చున్నాను. కానీ ఆయన్ని తలుచుకుంటే నాకు ఏడుపు నిలవదు, హుషారొస్తుంది. ఆయనతో పని చేయించుకున్న ఎవరినైనా అడగండి, ఇదే చెప్తారు. ఆటోనగర్‌లో ఆయన రేకుల షెడ్డులో అడుగుపెడితే పాడైన బండి మీద బెంగ పోయి, ఏమైందో తెలుసుకోవాలన్న ఆత్రం పట్టుకునేది. సైలెన్సర్ మోత విన్నా, గేరు గరగరమన్నా ఆయన మొహం వెలిగిపోయేది. "ఆగండాగండి, ఏదో చెప్తోంది, విననివ్వండి" అనేవారు. చెవి మీద పెన్సిలు, భుజం మీద తువ్వాలు. ఎవరి కారు సీట్లో కూర్చోవాలన్నా ముందు రంపపు పొట్టుతో చేతులు రుద్దుకుని, సబ్బుతో కడుక్కుని, సీటు మీద పాత పేపరు పరుచుకుని అప్పుడు కూర్చునేవారు. డొక్కు జీపైనా అంతే, కొత్త కారైనా అంతే.

నేను ఆయన షెడ్డుకి మొదట వెళ్లింది ఎనిమిదేళ్ల కిందట. అంతకుముందు నాకు టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. కంప్యూటర్లు వచ్చాయి, పిల్లలు అటు పోయారు, నా మిషన్ల మీద దుమ్ము పేరుకుంది. అదే ఏడాది మావారు పనిచేసే మిల్లు మూతపడింది. ఆయన వన్‌టౌన్‌లో ఒక కొట్లో కుదురుకున్నారు గానీ, ఆ వచ్చేది అద్దెకీ పాలకీ సరి. ఇంట్లో అందరం దిగాలుగా కూర్చుని ఉంటే మా అత్తయ్య గారు అన్నారు: "నీకు కారు నడపడం వచ్చుగదే. ఆడవాళ్లకి నేర్పు. మగాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోవాలంటే సిగ్గుపడి ఊరుకునేవాళ్లు ఈ ఊళ్లో బోలెడుమంది." మా నాన్న ట్యాక్సీ నడిపేవారు, పెళ్లికి ముందే నాకు నేర్పారు. అది పనికొస్తుందని మా అత్తయ్యకి తట్టింది, నాకు తట్టలేదు! మిషన్లన్నీ అమ్మి, సెకండ్‌హ్యాండులో ఒక చిన్న కారు కొని, నా వైపు కూడా బ్రేకు పెట్టించి, గేటుకి బోర్డు కట్టాం. మొదటి నెలలోనే పదకొండుమంది చేరారు. నా కాళ్లు నేల మీద ఆనలేదనుకోండి.

రెండో నెలలో మొదలైంది. కారు బాగానే పోతుంది. కాస్త వేగంలో బ్రేకేస్తే మాత్రం స్టీరింగు గడగడా వణికేది, మలేరియా జ్వరం వచ్చినట్టు. నాకైతే సర్దుకుపోవచ్చు. నేర్చుకునేవాళ్లకి ఎలా? బందరు రోడ్డు మీద ఒక లెక్చరర్ గారు ఆ వణుకుకి బెదిరి "అమ్మ బాబోయ్" అని రెండు చేతులూ వదిలేశారు. నేను పట్టుకోబట్టి సరిపోయింది, లేకపోతే తిన్నగా పక్కనున్న కాలవలోకే. ఆవిడ మర్నాడు రాలేదు. ఆవిడ చెబితే ఇంకో ఇద్దరు మానేశారు. "ఆ టీచర్ కారు వణుకుద్దంట" అని కాలనీలన్నీ పాకిపోయింది. చేరతామన్న బ్యాంకు ఆడవాళ్లు అయిదుగురు, "బండి బాగయ్యాక ఫోన్ చెయ్యండి, అప్పుడొస్తాం" అన్నారు. ఆ అయిదుగురూ వస్తే బోర్డు నిలుస్తుంది, రాకపోతే విప్పెయ్యాల్సిందే.

నేనేం ఊరుకోలేదు. ఒక మెకానిక్ చక్రాల బ్యాలెన్సింగ్ అన్నాడు, చేయించాను, వణుకు వణుకే. ఇంకొకాయన ముందు చక్రాల్లో డిస్కులు పోయాయన్నాడు. చక్రం వెనకాల ఇనప పళ్లెంలాగా ఉండి చక్రంతో పాటే తిరుగుతుంది చూడండి, అదే డిస్కు. బ్రేకు తొక్కితే రెండు ప్యాడ్లు దాన్ని అటూ ఇటూ పట్టి ఆపుతాయి. సామాను మీరే తెచ్చుకోండి అంటే సాయంత్రం కొని ఇంటికి తెచ్చి, మర్నాడు బిగింపించాను. హమ్మయ్య, వణుకు పోయింది! బ్యాంకు వాళ్లు సెలవులు చూసుకుని వచ్చేలోపే, నెలన్నర తిరిగేసరికి మళ్లీ హాజరు. ఇంకో మెకానిక్, ఇంకో జత డిస్కులు. ఈసారి నెల కూడా ఆగలేదు, పైగా వణుకు ముందుకంటే ఎక్కువ. "ఈ బండి జాతకమే అంతమ్మా, అమ్మేసుకోండి" అన్నాడాయన. ఆ మాటకి నేను నీరుగారిపోయాను. సరే, అమ్మేద్దామనే ఆటోనగర్ వెళ్లాను.

అమ్మిపెట్టే బ్రోకరు ధర చెప్పే ముందు, డ్రైవింగ్ టీచరు బండి అని చెప్పి మేస్త్రీ గారికి చూపించమన్నాడు. అలా మొదటిసారి ఆయన్ని చూశాను. బానెట్ తెరుస్తారనుకుంటే తెరవలేదు.

"ఎందుకమ్ముతున్నారమ్మా?"

"బ్రేకేస్తే వణుకుతుందండీ."

"ఎక్కడ?"

"బందరు రోడ్డు మీదండీ. హైవే మీద కూడానూ."

ఆయన నవ్వారు. "రోడ్డు సంగతి కాదు టీచరమ్మా. మీ ఒంట్లో ఎక్కడ తెలుస్తుంది? చేతుల్లోనా, కూర్చున్న చోటా, కాలి కిందా?"

అయిదు నెలలుగా ఆ బండితో వేగుతున్నాను, ముగ్గురికి చూపించాను, ఒక్కరూ ఈ ప్రశ్న అడగలేదు. నేనూ ఆలోచించలేదు. "చేతుల్లోనండీ" అన్నాను, అనుమానంగానే. "అనుమానం ఎందుకు, కనుక్కుందాం పదండి" అని చేతులు కడుక్కోవడానికి వెళ్లారు.

ఆ ప్రయాణం నా ఒంట్లో ఇప్పటికీ ఉంది. ఆయన పక్క సీట్లో, నేను స్టీరింగు ముందు. హైవే మీద బళ్లు లేని చోటు చూసి ఎనభైకి పోనిమ్మన్నారు. "బ్రేకు వద్దు, ఊరికే పోండి. వణుకుతోందా?" లేదు. "అయితే చక్రాల బ్యాలెన్సు బాగానే ఉంది. ఒకటి కొట్టేశాం." తర్వాత వేగం తగ్గించి, బ్రేకు తొక్కకుండా, హ్యాండ్‌బ్రేకు బొత్తాం నొక్కే పట్టుకుని మెల్లగా లాగమన్నారు. అది వెనక చక్రాల్నే పడుతుంది. బండి నున్నగా ఆగింది. "వెనకాలదీ కాదు. రెండు కొట్టేశాం!" మళ్లీ ఎనభై. "ఇప్పుడు బ్రేకు. గట్టిగా కాదు, మెల్లగా, పొడుగ్గా తొక్కండి." గడగడా మొదలైంది. ఆయన ఒక వేలు స్టీరింగుకి ఆనించి, పరీక్షలో జవాబు తెలిసిన పిల్లాడిలా "ముందు డిస్కులే! ముందు డిస్కులే!" అని అరిచారు. మీకంటే ముందు చూసినవాళ్లు చెప్పిందీ అదే కదండీ, కొత్తవి రెండు జతలు మార్పించాను అన్నాను. "చెప్పారు. ఎందుకు పోయాయో చెప్పారా? పాతవంటే అరిగిపోయాయి, సరే. కొత్తవి రెండు జతలు ఊరికే పోతాయా?" అన్నారు. విప్పడం ఎవరికైనా వస్తుంది, ఎందుకు విప్పుతున్నామో తెలియాలి అనేది ఆయన తరచూ అనే మాట. నేను మొదట విన్నది ఆరోజే.

షెడ్డుకొచ్చాక జాకీతో ఎత్తి, చక్రం తీసి, గడియారం లాంటి చిన్న మీటరు ఒకటి తెచ్చారు. దాని మొన డిస్కుకి ఆనించి చేత్తో నెమ్మదిగా తిప్పారు. "చూడండి, మీటర్లో ముల్లు నిలబడాలి." నిలబడలేదు. తిరిగిన ప్రతిసారీ ఒకేచోట ఊగింది. నేనూ కింద కూర్చుండిపోయాను, చీర సంగతి మర్చిపోయి. డిస్కు విప్పి, దాన్ని కొంచెం జరిపి మళ్లీ అదే ఇరుసు మీద పెట్టి తిప్పారు. ఊగే చోటు డిస్కుతో పాటే జరిగింది. "ఇరుసు మంచిదే. తప్పంతా ఈ పళ్లెంలోనే ఉంది" అని డిస్కుని విప్పి వెనక్కి తిప్పారు. ఇరుసుకి అతుక్కుని కూర్చునే చోట పసుప్పచ్చగా ఒక మరక. గోరుతో గీకారు. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. నా వైపు తిరిగి కళ్లు పెద్దవి చేసి, "టీచరమ్మా, ఇది పసుపు!" అన్నారు.

ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా అర్థమైంది. కొత్త సామాను ఏదొచ్చినా మా అత్తయ్య పసుపు కుంకుమ పెట్టకుండా వాడనివ్వరు. మిక్సీకి పెట్టారు, గ్యాసు పొయ్యికి పెట్టారు. సాయంత్రం కొని ఇంటికి తెచ్చిన డిస్కులకి కూడా దేవుడి గదిలో పెట్టి చక్కగా పసుపు ముద్ద అద్ది, పైన కుంకుమ పెట్టారు. చదునుగా, నున్నగా, బొట్టు బాగా ఆనే చోటు ఏది? సరిగ్గా అదే! మర్నాడు మెకానిక్ చూశాడు. అమ్మవారి బొట్టు తుడవడానికి చెయ్యి రాక అలాగే బిగించేశాడు. మొదటి జత పాడయ్యాక దిష్టి తగిలిందని మా అత్తయ్య రెండో జతకి పసుపు మరింత దట్టంగా పట్టించారు. అందుకే అది ఇంకా తొందరగా పోయింది.

"ఎండి గట్టిపడి, కాగితమంత మందం ఉంది. ఇంతే!" అన్నారు మేస్త్రీ గారు. ఆయనకి ఎంత సంబరమో! "బల్ల కాలి కింద ఇసక పలుకు పడితే బల్లంతా ఊగదూ? ఇక్కడ కాగితమంత ఎత్తు, అంచు దగ్గరికొచ్చేసరికి ఇంకా ఎక్కువ. తిరిగినప్పుడల్లా ఒకే చోట ప్యాడుకి రాసుకుంటుంది. నెలా నెలన్నరకి ఆ చోటు అరిగి పల్చబడుతుంది. అప్పుడు మొదలవుద్ది మీ వణుకు."

నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. రెండు జతల డిస్కులు, ఎదురుచూస్తున్న బ్యాంకు ఆడవాళ్లు, విప్పెయ్యబోయిన బోర్డు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. "ఇది మా అత్తయ్య పెట్టిన బొట్టండీ. ఇంటికెళ్లి ఆవిడకే చెప్తాను, ఇవాళ ఊరుకోను" అన్నాను.

ఆయన డిస్కు కింద పెట్టేశారు. "చెప్తే పెద్దావిడ ఏమవుతారు?"

ఏమవుతారో నాకు తెలుసు. ఈ డ్రైవింగ్ బడి ఆవిడ ఆలోచన. తన చేత్తోనే దాన్ని పాడుచేశానని తెలిస్తే ఆవిడ మరి ఆ చేత్తో దీపం కూడా పెట్టలేరు.

"మీరేం చెప్పకండి. డిస్కులు లేతు మిషను మీద పెట్టించి చదును చేయిస్తాను, కొత్తవి కొనక్కర్లేదు. శుక్రవారం పెద్దమ్మగారినే ఇక్కడికి తీసుకురండి" అన్నారు.

శుక్రవారం ఆవిడ రానే వచ్చారు, భరిణె కూడా తెచ్చుకున్నారు. ఆరోజు జుమ్మా నమాజుకి వెళ్లాల్సిన మనిషి మేస్త్రీ గారు, ముందే పని ముగించాలని పొద్దున్నే షెడ్డు తెరిచి కూర్చున్నారు. అత్తయ్యకి స్టూలు వేసి, టీ తెప్పించి, ఆవిడ కళ్లెదురుగానే పని చేశారు. డిస్కు వెనకభాగం గుడ్డతో తుడిచారు, పెట్రోలుతో మళ్లీ తుడిచారు. ఇరుసు మీదున్న తుప్పు ఇనప బ్రష్షుతో గీకి, ఉప్పుకాగితం పట్టించారు. బిగించి మీటరు పెట్టి తిప్పితే ముల్లు కదల్లేదు. చక్రం పెట్టి నట్లు ఒకదాని తర్వాత ఒకటి కాకుండా ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించారు. అప్పుడు లేచి, "పెద్దమ్మగారూ, ఇక మీ పని. బొట్టు పెట్టండి. బండికి మొహం ఇటేపండీ" అని చక్రం మధ్యన మూత చూపించారు.

మా అత్తయ్య భరిణె తెరవలేదు. ఆవిడ మామూలు మనిషా? తుడిచిందీ చూశారు, ఆ గుడ్డ పచ్చగా అయిందీ చూశారు.

"సాయిబు గారూ, నిజం చెప్పండి. నా పసుపే కదూ చేసింది?"

ఆయన తడుముకోలేదు. "పసుపేం చేస్తుందండీ? కొత్త సామానుకి బొట్టు పెట్టడం మీ పని. తుడిచి బిగించడం మా పని. గ్రీజున్నా తుడవాలి, దుమ్మున్నా తుడవాలి, దేవుడి బొట్టున్నా దణ్ణం పెట్టుకుని తుడవాలి. తుడవనివాడు మెకానిక్, మీరు కాదు. మా వాళ్ల తరఫున నేను చెప్తున్నా, తప్పు మాదండీ."

మా అత్తయ్య కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. తర్వాత చక్రం మూత మీద పసుపు రాసి, బొట్టు పెట్టి, "ఇక్కడైతే నలుగురికీ కనపడుతుంది కూడాను" అన్నారు. ఆయన పకపకా నవ్వారు. నేను ఏడ్చాను. సంతోషంతోనే లెండి.

నేను బ్యాంకు వాళ్లకి ఆ సాయంత్రమే ఫోన్ చేద్దామని ఎగిరి గంతులేస్తుంటే ఆయన ఆపారు. "ఇవాళ బాగుంటే లెక్క కాదు టీచరమ్మా. ఇదివరకూ బాగానే ఉండింది కదా నెలన్నర. రెండు నెలలు తిప్పండి. నేను వచ్చి చూసి చెప్తాను, అప్పుడు చేసుకోండి." ఆ రెండు నెలలు నేనెలా గడిపానో ఆ దేవుడికే తెలుసు. బ్రేకు తొక్కినప్పుడల్లా చేతుల్లోకి ప్రాణమొచ్చేది. వారం గడిచేది, హమ్మయ్య అనుకునేదాన్ని, నెలన్నర దగ్గరపడుతుంటే అన్నం సయించేది కాదు. మధ్యలో ఆయన ఫోన్ చేసేవారు. "ఎక్కడైనా తెలుస్తోందా?" అంతే, పెట్టేసేవారు.

తర్వాత ఈ ఎనిమిదేళ్లలో మా మధ్య ఎన్ని కబుర్లో! ఆయన పెద్దమ్మాయి నా దగ్గరే నేర్చుకుంది. మొదటి రోజు ఆయన షెడ్డు గుమ్మంలో నిలబడి, "నేను నేర్పితే తిడతాను, మీరైతే నవ్విస్తూ నేర్పుతారు" అన్నారు. నేనూ తిడతానని ఆ పిల్ల తర్వాత చెప్పి ఉంటుంది. రంజాన్‌కి మాకు సేమ్యా వచ్చేది, దసరాకి మా అత్తయ్య ఆయన షెడ్డుకి అరిసెలు పంపేవారు. మంగళవారం ఇంటికొచ్చి ఆయన పోయారని చెబితే అత్తయ్య "నా తప్పు నా మీద పడనివ్వలేదే ఆ మహానుభావుడు" అన్నారు. అన్నం కూడా తినలేదు.

రెండు నెలలు నిండిన రోజు సంగతి చెప్పి ముగిస్తాను. కూచిపూడి దగ్గర అత్తయ్య వాళ్ల చెల్లెలుంది, చూసొస్తానంటే ఆ దారినే పరీక్ష పెట్టుకుందామన్నారు మేస్త్రీ గారు. అంతకుముందు అత్తయ్యకి ఆ కారంటే హడలు. బ్రేకేస్తే ముందు సీటు రెండు చేతులా పట్టుకుని రామ రామ అనేవారు. వెళ్లేటప్పుడు ట్రాక్టర్లూ చెరుకు బళ్లూ అడ్డమొచ్చి వేగం కుదరలేదు. వచ్చేటప్పుడు, మధ్యాహ్నం, ఉయ్యూరు దాటాక రోడ్డు ఖాళీ దొరికింది. పక్కన నిండుగా బందరు కాలవ. మేస్త్రీ గారు చెయ్యి ఊపారు. నేను ఎనభైకి తీసుకెళ్లాను. "ఇప్పుడు. మెల్లగా, పొడుగ్గా" అన్నారు. తొక్కాను. ఎనభై, అరవై, నలభై, ఇరవై. చేతుల్లో ఏమీ లేదు. సీట్లో ఏమీ లేదు. కాలి కింద ఏమీ లేదు. బండి రోడ్డు వారన ఆగి నిలబడింది.

"మేస్త్రీ గారూ!" అని కేకేయబోయాను. ఆయన నోటి మీద వేలు పెట్టుకుని, వెనక్కి చూడమని సైగ చేశారు. వెనక సీట్లో మా అత్తయ్య తల కిటికీకి ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని, గురకపెట్టి నిద్రపోతున్నారు. రెండు చేతులూ ఒళ్లో వదులుగా ఉన్నాయి. మేస్త్రీ గారు నావైపు వంగి గుసగుసగా, "ఇక చేసుకోండి ఫోను బ్యాంకు వాళ్లకి" అన్నారు. నేను ఇంజను ఆపేశాను. ఆవిడ తనంతట తాను లేచేదాకా, చెరుకు బళ్లు ఒక్కొక్కటే మమ్మల్ని దాటిపోతుంటే, ఆయన తలుపు చప్పుడవుతుందని కిందకి కూడా దిగకుండా అలాగే కూర్చున్నారు.